పెద్ద బ్యాక్‌గ్రౌండ్ స్టాంపు మచ్చల్లేకుండా, అంతటా ఒకేలా పడాలంటే

"అంచుల్లో బాగానే పడుతోందండీ, మధ్యలోనే తెల్లగా వదిలేస్తోంది." చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "ఎంత గట్టిగా నొక్కినా రావట్లేదు" అనేది దాని తర్వాతి మాట. ముచ్చటపడి 6 అంగుళాల బ్యాక్‌గ్రౌండ్ స్టాంపు (కార్డు మొత్తం నిండే డిజైన్ ఉన్న పెద్ద స్టాంపు) కొని, రెండుసార్లు వేసి చూసి, అటక మీద పెట్టేసినవాళ్లు మన విశాఖలో నాకు తెలిసే చాలామంది ఉన్నారు. వాటిలో చాలా స్టాంపులకు ఏ లోపమూ లేదు. చిన్న స్టాంపు వేసే పద్ధతిలోనే పెద్దదీ వేయబోవడంతో వచ్చిన తంటా అది.

ఒక్క లెక్క చూడండి. ఒకటిన్నర అంగుళాల చదరం స్టాంపు వైశాల్యం 2.25 చదరపు అంగుళాలు. 6 అంగుళాల దానిది 36. అంటే 16 రెట్లు. మీ చేతి బలం మాత్రం అంతే ఉంటుంది. అదే బరువు వేస్తే ఒక్కో చదరపు అంగుళానికి అందేది పదహారో వంతు. అంత వైశాల్యాన్ని ఒకేసారి సమంగా నొక్కడం ఎవరి వల్లా కాదు. అందుకే పెద్ద స్టాంపును కాగితం మీద పెట్టి నొక్కకండి. స్టాంపును బొమ్మ పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, దానిమీద కాగితం పరవండి. అప్పుడు కాగితం వెనక నుంచి కొంచెం కొంచెంగా, ఎక్కడ కావాలంటే అక్కడ నొక్కుకోవచ్చు. కింద చెప్పబోయేదంతా ఈ పని సజావుగా సాగడానికే.

ఏమేం కావాలి

స్టాంపు: ఫోమ్ అంటించిన ఎర్ర రబ్బరు స్టాంపు అయితే మొదటిసారికి తేలిక. రబ్బరు సిరాను బాగా పట్టుకుంటుంది. క్లియర్ స్టాంపు (వెనక ఫోమ్ లేని, పారదర్శకంగా ఉండే పలచటి స్టాంపు) మీద, అందులోనూ కొత్తదాని మీద, సిరా చిన్నచిన్న బొట్లుగా విడిపోతుంది.

కాగితం: నున్నటిది, 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో). పెద్ద స్టేషనరీ షాపుల్లో ఐవరీ బోర్డు అని అడిగి, వేలితో రుద్ది చూసి కొనండి. గరుకు తగిలితే వద్దు. వాటర్‌కలర్ కాగితం మీద ఎంత జాగ్రత్తగా వేసినా పల్లాల్లో సిరా అందదు. కావాల్సిన కొలతకన్నా చుట్టూ అర సెంటీమీటరు పెద్దదిగా కోసుకోండి. అంచులు తర్వాత కత్తిరించేస్తారు కాబట్టి అక్కడ తేడా వచ్చినా నష్టం లేదు.

సిరా: మెమెంటో లాంటి డై సిరా (కాగితంలోకి ఇంకే పలచటి సిరా) త్వరగా ఆరుతుంది, సన్న గీతలు శుభ్రంగా పడతాయి. కానీ నిండుగా ఉండే డిజైన్లలో మచ్చలు మచ్చలుగా కనిపించవచ్చు. పిగ్మెంట్ సిరా చిక్కగా ఉండి కాగితం పైనే నిలుస్తుంది, రంగు నిండుగా వస్తుంది, ఆరడమే ఆలస్యం. ఒక్క ప్యాడే కొనగలిగితే వెర్సాఫైన్ నలుపు (పిగ్మెంట్ రకమే) తీసుకోండి. సన్న గీతకూ, వెడల్పు భాగానికీ రెంటికీ సరిపోతుంది. ఆఫీసుల్లో వాడే ఊదా స్టాంపు ప్యాడ్ మాత్రం వద్దు. ఆ సిరా కాగితంలోకి పాకి గీతలు అలుక్కుపోతాయి.

ఇవి కాక: రెండు మిల్లీమీటర్ల ఫోమ్ షీటు ఒకటి (పాత మౌస్ ప్యాడ్ అయినా సరే), రఫ్ కాగితాలు ఓ పది, బటర్ పేపర్ ముక్క, మాస్కింగ్ టేపు, పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరు, నూలు పోగులు రాలని మెత్తటి బట్ట. రోలర్ ఉంటే మంచిదే, లేకపోయినా అరచేయి చాలు. అప్పడాల కర్ర వాడవచ్చా అని అడుగుతుంటారు. మధ్యలో లావుగా, చివర్లలో సన్నగా ఉండే కర్ర అయితే మధ్యలోనే నొక్కుతుంది. అరచేయే నయం.

మొదలుపెట్టే ముందు: గాలి, తేమ

మన ఊళ్లో దీన్ని పట్టించుకోకపోతే కుదరదు. సముద్రం పక్కనే కదా, కాగితం తెరిచి ఉంచితే చెమ్మ పీల్చుకుని అంచులు లేచిపోతాయి. వంకర తిరిగిన కాగితం స్టాంపు మీద సమంగా కూర్చోదు. వానాకాలంలోనూ, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు పట్టిన రోజుల్లోనూ ఇది మరీ ఎక్కువ. కార్డు కాగితాలను జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టి, ఆ కవర్‌ను చదునుగా పడుకోబెట్టి, పైన రెండు లావుపాటి పుస్తకాలు పెట్టండి. వాడే ముందే బయటికి తీయండి.

సిరా అద్దేటప్పుడు ఫ్యాను ఆపండి. ఉక్కపోతే, తెలుసు. కానీ పెద్ద స్టాంపు ఒక చివర నుంచి ఇంకో చివరకు సిరా అద్దేసరికి, ఫ్యాను గాలికి మొదట అద్దిన చోట డై సిరా ఆరిపోతుంది. ఏసీ గదిలోనూ ఇదే తంటా. ఆ ఐదు నిమిషాలు ఓర్చుకోండి.

ఎలా వేయాలి

1. కొత్త స్టాంపు అయితే ముందు దాన్ని సిద్ధం చేయండి. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి తయారీలో వాడే పదార్థం పైన పలచటి పొరలా మిగిలి ఉండవచ్చు. దానివల్ల సిరా పట్టదు. రెండు చుక్కల డిష్ సబ్బు వేసిన నీళ్లలో బట్ట తడిపి, పిండి, బొమ్మ మీద తుడవండి. ఫోమ్‌ను మాత్రం నానబెట్టకండి. ఆరాక తెల్ల రబ్బరుతో బొమ్మ ఉబ్బెత్తు భాగాలన్నిటి మీదా తేలిగ్గా రుద్దండి. పొట్టు దులిపేయండి. క్లియర్ స్టాంపుకైతే ఈ రుద్దడం ఇంకా ముఖ్యం. తర్వాత రఫ్ కాగితాల మీద రెండు మూడు ముద్రలు వేయండి. ఆ ముద్రలు బాగా రాకపోతే కంగారు పడకండి, అవి స్టాంపును సిరాకు అలవాటు చేయడానికే.

2. చదునైన చోటు చూసుకోండి. డైనింగ్ టేబుల్ మధ్యలో కాస్త కుంగి ఉండటం మామూలే. స్టీలు స్కేలును దాని అంచు మీద బల్లపై నిలబెట్టి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. కింద నుంచి వెలుతురు కనిపిస్తే అక్కడ పల్లం ఉన్నట్టు. వంటగది గ్రానైట్ గట్టు చాలా ఇళ్లలో ఉన్నవాటిలోకెల్లా చదునైన చోటు. తడి తుడిచి దానిమీదే చేసుకోండి.

3. స్టాంపును బొమ్మ పైకి ఉండేలా పెట్టండి. ఎర్ర రబ్బరు స్టాంపుకు వెనక ఫోమ్ ఉంటుంది కాబట్టి నేరుగా పెట్టవచ్చు. పలచటి క్లియర్ స్టాంపు అయితే దాన్ని గాజు పలకకో, యాక్రిలిక్ పలకకో అంటించి, ఆ పలక కింద ఫోమ్ షీటు వేయండి. పెడనలో కలంకారీ అద్దకం పనివాళ్ల బల్లలు చూస్తే, బట్ట కింద మెత్తగా ఒత్తు వేసి ఉంటుంది. అచ్చులో కాస్త ఎగుడుదిగుడు ఉన్నా ఆ మెత్తదనం సర్దుకుంటుంది. ఇక్కడ ఫోమ్ చేసేదీ అదే పని. అయితే అతిగా మెత్తగా ఉండకూడదు. దుప్పటి మడతలు, స్పాంజీలు వేస్తే కాగితం బొమ్మ సందుల్లోకి దిగబడి, సిరా అంటకూడని చోట అంటుతుంది.

స్టాంపు కదలకుండా రెండు మూలల్లో మాస్కింగ్ టేపు వేయండి. టేపు బొమ్మ మీదికి రాకూడదు.

4. సిరా అద్దండి. ఫలితం తేలేది ఎక్కువగా ఇక్కడే, ఇందులో తొందర పనికిరాదు. ప్యాడ్‌ను తలకిందులు చేసి స్టాంపు మీద టపటపా తేలిగ్గా తట్టండి. ఈడ్చకండి, రుద్దకండి. రుద్దితే సిరా బొమ్మ సందుల్లోకి పోతుంది, ప్యాడ్ బట్ట కూడా పాడవుతుంది. ఎడమ నుంచి కుడికి వరసగా వెళ్లండి, ప్రతి తట్టూ ముందుదాని మీద సగం పడాలి. అలా మొత్తం అయ్యాక పై నుంచి కిందికి ఇంకోసారి. అంచులకు, మూలలకు విడిగా ఒకసారి.

ఇప్పుడు స్టాంపును కదపకుండా మీరే వంగి, కిటికీ వెలుతురుకు ఎదురుగా, ఏటవాలుగా చూడండి. తడి ఉన్న చోట మెరుస్తుంది. సిరా అందని చోట మసకగా, మొద్దుగా కనిపిస్తుంది. ఆ మసక చోట్లను ఒక్కొక్కటిగా వెతికి తట్టండి. ఇలా చూడటం నేర్చుకుంటే కాగితం వేయకముందే ముద్ర ఎలా వస్తుందో చెప్పేయవచ్చు. బొమ్మ సందుల్లో సిరా గుంటలా నిలిచి కనిపిస్తే మాత్రం ఎక్కువైనట్టు. రఫ్ కాగితం ఒకటి పరిచి, తేలిగ్గా అద్ది తీసేసి, మళ్లీ పలచగా తట్టండి.

డై సిరా ఆరిపోతున్నట్టు అనిపిస్తే స్టాంపు మీద నోటితో "హా" అని వెచ్చటి ఊపిరి వదలండి. ఆ తేమకు సిరా మళ్లీ తడిగా అవుతుంది. మన దగ్గర వానాకాలంలో దీని అవసరం రాదు. ఏసీ గదిలో వస్తుంది.

5. కాగితం పరవండి. కాగితం మీద దుమ్ము, వెంట్రుక లేకుండా ముందే తుడవండి. ఒక్క చిన్న నలుసు ఉన్నా దాని చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది. కాగితాన్ని రెండు చేతులతో ఎదురెదురు అంచుల దగ్గర పట్టుకుని, మీకు దగ్గరున్న అంచును ముందు స్టాంపు అంచుకు సరిచూసి ఆనించి, మిగతాది మెల్లగా వాలనివ్వండి. ఒకసారి ఆనిందంటే ఇక జరపకూడదు. వంకరగా పడినా అలాగే వదిలేయండి. జరిపితే రెండు నీడలు పడి మొత్తం పోతుంది. చుట్టూ అర సెంటీమీటరు ఎక్కువ ఉంచుకోమన్నది ఇందుకు కూడా.

6. నొక్కండి. కాగితం పైన బటర్ పేపర్ వేయండి. చేతి చెమట కాగితానికి అంటకుండా, వేళ్లు సులువుగా జారేలా ఇది ఉపయోగపడుతుంది. ఎడమ చేతిని కాగితం మధ్యలో ఆనించి అలాగే ఉంచండి. కుడి చేతి వేళ్లను చదునుగా పెట్టి, మధ్య నుంచి అంచులకు, చిన్న చిన్న వలయాలుగా రుద్దండి. ఒక సగం అయ్యాక చెయ్యి మార్చండి. వేలి కొనలతో పొడవకండి. సందులు ఎక్కువున్న డిజైన్‌లో వేలి కొన కాగితాన్ని పల్లంలోకి తోసి, అక్కడున్న సిరాను అంటిస్తుంది. సన్న గీతల డిజైన్‌కు తేలికపాటి ఒత్తిడి చాలు. నిండుగా ఉండే డిజైన్‌కు ఎక్కువ సేపు, ఎక్కువ బలం కావాలి.

7. తీసే ముందు తొంగి చూడండి. ఒక చేత్తో సగం కాగితాన్ని గట్టిగా అదిమి పట్టి, ఇంకో సగాన్ని ఒక మూల నుంచి మెల్లగా ఎత్తి చూడండి. ఎక్కడ తేలిపోయిందో అక్కడే మళ్లీ దించి, ఆ చోట రుద్దండి. అదిమి పట్టిన సగం కదలనంతవరకూ ఎత్తిన భాగం సరిగ్గా తన చోటికే వెళ్తుంది. తర్వాత రెండో సగం కూడా ఇలాగే. స్టాంపును పైనుంచి నొక్కే పద్ధతిలో ఈ వెసులుబాటు ఉండదు.

8. ఒక మూల నుంచి నెమ్మదిగా ఒలవండి. క్లియర్ స్టాంపు కాగితాన్ని గట్టిగా పట్టుకుంటుంది. లాగితే కాగితం పొర లేచి వస్తుంది.

9. ఆరనివ్వండి. డై సిరా కొన్ని నిమిషాల్లో ఆరుతుంది. పిగ్మెంట్ సిరాను మన తేమలో ఒక రాత్రి వదిలేయడమే మంచిది. తొందరైతే హీట్ గన్‌ను (వేడి గాలి ఊదే పరికరం) కాస్త దూరంగా పట్టుకుని ఆడించండి. ఆరిందో లేదో వేలితో చూడకండి. కత్తిరించేయబోయే అంచు దగ్గర టిష్యూ కాగితం అద్ది చూడండి. దానికి రంగు అంటితే ఇంకా ఆరనట్టే.

స్టాంపు టూల్ ఉన్నవాళ్లకు

మిస్టీ లాంటి పొజిషనింగ్ టూల్ (స్టాంపును మూతకు అంటించి, కింద కాగితం పెట్టి, మూత మూసి నొక్కే పరికరం) ఉంటే కాగితాన్ని కదపకుండా అదే చోట రెండోసారి, మూడోసారి వేయవచ్చు. కార్డులు తరచూ చేసేవాళ్లకు పెట్టిన డబ్బు దండగ కాదు. కానీ టూల్ కొన్నా మధ్యలో తెల్లగానే వస్తోందని రాసేవాళ్లు ఉన్నారు. రెండు సంగతులు చూసుకోండి. ఎర్ర రబ్బరు స్టాంపు మందంగా ఉంటుంది కాబట్టి టూల్ అడుగున ఉన్న ఫోమ్ పలకను తీసేయాలి. పలచటి క్లియర్ స్టాంపుకు దాన్ని ఉంచాలి. ఇది తారుమారైతే మూత సరిగా ఆనదు. రెండోది, మూత మధ్యలో ఒక్కచోటే నొక్కి వదిలేయకండి. మూత మీద కూడా అరచేత్తో అన్ని వైపులా రుద్దాలి. చిక్కగా ఒకసారి అద్దడం కన్నా పలచగా అద్ది రెండుసార్లు వేస్తే ముద్ర సమంగా వస్తుంది. స్టాంపు టూల్ కన్నా పెద్దదైతే టూల్ పక్కన పెట్టి, పైన చెప్పినట్టు చేత్తోనే వేయండి.

తెల్ల మచ్చ ఎందుకు వస్తోందో కనిపెట్టడం

ఊహించి మందు వేయకండి. కారణం స్టాంపులో ఉండవచ్చు, బల్లలో ఉండవచ్చు, మీ చేతిలో ఉండవచ్చు. తేల్చుకోవడానికి ఏ4 రఫ్ కాగితాలు చాలు.

మొదట ఒక ముద్ర వేసి, కాగితం వెనక మీకు దగ్గరగా ఉన్న అంచు మీద బాణం గుర్తు పెట్టండి. తర్వాత స్టాంపును బల్ల మీద అదే చోట సగం చుట్టు తిప్పండి, అంటే పై అంచు కిందికి వచ్చేలా. అదే రకంగా సిరా అద్ది రెండో ముద్ర వేసి, దానికీ మీ వైపు అంచు మీదే బాణం పెట్టండి. రెండు కాగితాలనూ బాణాలు ఒకే వైపు ఉండేలా పక్కపక్కన పెట్టి చూడండి.

మచ్చ కూడా తిరిగి అటు చివరికి వెళ్లిందా? అంటే బొమ్మలో అదే పువ్వు దగ్గర, అదే ఆకు దగ్గర వదిలేస్తోందా? అయితే లోపం స్టాంపులోనే. ఆ చోట తెల్ల రబ్బరుతో మళ్లీ రుద్దండి. రుద్దినా రాకపోతే వెనక ఫోమ్ అక్కడ అణిగిపోయి ఉంటుంది. స్టాంపు వెనక, సరిగ్గా ఆ మచ్చ కింద, కాగితం ముక్క ఒకటి టేపుతో అంటించి ఎత్తు పెంచండి. ఒక పొర చాలకపోతే రెండు. ప్రింటింగ్ ప్రెస్సుల్లో అచ్చు సరిగా పడని చోట వెనక కాగితం ముక్కలు అతికించి ఎత్తు సరిచేసే పాత పద్ధతి ఇదే.

మచ్చ తిరగకుండా ఉన్న చోటే ఉందా? అయితే అది బల్ల పల్లం కావచ్చు, చెయ్యి అందకపోవడం కావచ్చు. స్టాంపును ఒక అడుగు పక్కకు జరిపి మూడో ముద్ర వేయండి. మచ్చ పోతే బల్లదే తప్పు. పోకపోతే మీరు నొక్కే తీరులో ఉంది. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమవైపు పై మూల తరచూ తేలిపోతుంది. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి అటు నుంచి నొక్కండి. కూర్చుని చేసేవాళ్లు లేచి నిలబడండి, భుజం బరువు కలుస్తుంది.

మిగతా ఇబ్బందులు తేలికవి. ముద్ర అంతా చుక్కలు చుక్కలుగా ఉంటే సిరా చాలలేదు, లేదా స్టాంపుకు రబ్బరు రుద్దడం చాలలేదు. గీతలు లావుగా అలుక్కుపోతే సిరా ఎక్కువైంది, లేదా కాగితం చెమ్మగిల్లింది. అదే సిరాతో కవర్లోంచి అప్పుడే తీసిన కాగితం మీద వేస్తే ఏదో తెలిసిపోతుంది. గీత పక్కన నీడలా ఇంకో గీత ఉంటే కాగితం జరిగింది. రెండు మూడు అంగుళాలకొకసారి సరిహద్దు గీతలా కనిపిస్తే ప్యాడ్ తట్లు ఒకదాని మీద ఒకటి పడలేదు.

పూర్తయిన ముద్రను పరీక్షించడానికి ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగులో కంటికి ఆనని హెచ్చుతగ్గులు అందులో తెలిసిపోతాయి. చేయి చాచినంత దూరం నుంచి ఒకసారి చూడండి. ఆ దూరం నుంచి కనిపించని చుక్క గురించి బెంగపడనక్కర్లేదు. దానిమీద పేరు పలకో, పువ్వో, శుభాకాంక్షల పట్టీయో ఎలాగూ వస్తుంది.

నూటికి నూరు శాతం కుదరకపోతే

మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పే దారి ఒకటుంది. నల్ల సిరాతో మొదలుపెట్టకండి. వెర్సామార్క్ లాంటి రంగులేని సిరాతో రంగు కాగితం మీద వేయండి. అదే రంగు కాస్త ముదురుగా పడి, పట్టుచీర మీద నేత బుటాలా కనిపిస్తుంది. చిన్న లోపాలు తెలియవు. శుభలేఖల కవర్లకు ఇది ఎంతో హుందాగా ఉంటుంది. చేయి కుదిరాక నలుపుకు రండి.

ఎంబాసింగ్ పౌడర్ (తడి ముద్ర మీద చల్లి, వేడితో కరిగిస్తే ఉబ్బెత్తుగా వచ్చే పొడి) వాడేవాళ్లకు తేమతో ఇంకో తలనొప్పి. చెమ్మ పట్టిన కాగితానికి పౌడర్ అక్కర్లేని చోట కూడా అంటుకుంటుంది. ముద్ర వేసే ముందు కాగితాన్ని హీట్ గన్‌తో కొద్దిగా వెచ్చచేసి, చల్లారాక పలచటి బట్టలో మూటకట్టిన టాల్కం పౌడర్‌ను దానిమీద అద్ది దులపండి. ఆ తర్వాత ముద్ర వేయండి. హెయిర్ డ్రయర్‌తో పౌడర్ కరిగించాలని చూడకండి. దానికి అంత వేడి ఉండదు, పైగా పౌడర్ అంతా ఎగిరిపోతుంది.

ముద్రలో రెండు మూడు చోట్ల గీత తెగితే, ఆ రంగుకు దగ్గరి సన్న మార్కర్‌తో కలపండి. రఫ్ ముద్ర మీద రంగు సరిపోల్చుకున్నాకే. సగం పాడై సగం బాగుంటే బాగున్న సగాన్ని పట్టీగా కోసి వాడుకోండి. ఖరీదైన కాగితాన్ని పారేయకండి.

స్టాంపు శుభ్రం చేయడం

ముద్ర అయిన వెంటనే ముందు రఫ్ కాగితం మీద రెండుసార్లు అద్ది మిగిలిన సిరా తీసేయండి. తర్వాత తడి బట్టను చదునైన చోట పరిచి, స్టాంపును దానిమీద బోర్లించి తట్టండి. సందుల్లోది పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో తీయండి. నల్ల పిగ్మెంట్ సిరా మరక రబ్బరు మీద మిగిలిపోవచ్చు, దానివల్ల తర్వాతి ముద్రకు నష్టం లేదు. నష్టం చేసేది ఎండిన సిరా పొర. వేలికి గరుగ్గా తగిలితే ఇంకా ఉన్నట్టే.

ఎండలో ఆరబెట్టకండి. ఎండకు రబ్బరు గట్టిపడి పగుళ్లు పడుతుంది, క్లియర్ స్టాంపు పచ్చబడుతుంది. నీడలో, పడుకోబెట్టి, బొమ్మ పైకి ఉండేలా ఆరనిచ్చి, ప్లాస్టిక్ షీటు మీద అంటించి దాచండి. నిలబెట్టి ఒరిగిస్తే పెద్ద స్టాంపు ఫోమ్ వంగుతుంది. అలా వంగిన స్టాంపు మీ చేతిలో ఇప్పటికే ఉంటే, చదునైన గట్టు మీద బోర్లించి పైన బరువు పెట్టి ఒకటి రెండు రోజులు వదిలేయండి, ఆ తర్వాత సగం చుట్టు తిప్పి చూసే పరీక్ష మళ్లీ చేయండి.